ఆఫీసులో మంచం వేసుకోకు

చి. బుజ్జికి మామయ్య దీవించి రాయునది.

అత్తయ్య బీపీ అదుపులో ఉంది. మొన్న రాజమండ్రి నుంచి అక్కయ్య ఫోన్ చేసింది. నువ్వు రాత్రిళ్ళు జట్టు ఆఫీసులోనే పడుకుంటున్నావట, ఆ సంగతి ఆమెకు గొప్పగా చెప్పావట. "వాడికి ఇల్లు లేదట్రా?" అని నన్ను అడిగింది. ఏం చెప్పను? అందుకే ఈ ఉత్తరం. ఫోన్‌లో చెబితే "సరే మామయ్యా" అని పెట్టేస్తావు.

కోప్పడుతున్నాననుకోకు. కంప్యూటర్ చదువుకని వచ్చినవాడివి, కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో ఫిల్ము చూసి ప్రతి ప్లే విడదీసి రాసిపెట్టే ఉద్యోగం సంపాదించావు. మన ఇళ్ళల్లో ఎవరూ పోని దారి. నాకెంత గర్వంగా ఉందో అత్తయ్యనడుగు. ఎప్పటికైనా ఎన్ఎఫ్ఎల్‌లో హెడ్ కోచ్ కావాలన్నావు. ఉన్నవి 32 జట్లు, 32 కుర్చీలు. సీజన్ ముగిసిన మర్నాడే ఏటా కొన్ని ఖాళీ అవుతాయి, అంటే కొందరి బతుకులు తలకిందులవుతాయి. అయినా కోరుకో నాయనా, నేను కాదనను. కానీ ఆ దారిన నడిచిన ఒక పెద్దాయన సంగతి నువ్వు తెలుసుకోవాలి. నేను ఫిలడెల్ఫియా వచ్చేనాటికి ఇక్కడ ఈగిల్స్ కోచ్ ఆయనే. డిక్ వర్మీల్.

కాలిఫోర్నియాలో కాలిస్టోగా అనే చిన్న ఊరు ఆయనది. తండ్రి కార్ల రిపేరు షెడ్డు నడిపేవాడు. హైస్కూలు పిల్లలకు ఆట నేర్పడంతో మొదలుపెట్టి మెట్టుమెట్టూ ఎక్కాడు. 1969లో రామ్స్ ఆయన్ని స్పెషల్ టీమ్స్ కోచ్‌గా పెట్టుకుంది. ఆ పనికంటూ విడిగా మనిషిని పెట్టడం లీగులో అప్పుడప్పుడే మొదలైంది. యూసీఎల్ఏకి హెడ్ కోచై, 1976 జనవరి 1న రోజ్ బౌల్‌లో నంబర్ వన్ ఒహాయో స్టేట్‌ని ఓడించాడు. ఆ ఏడే ఈగిల్స్ పిలిచింది.

అప్పటి ఈగిల్స్ గతి నీకు తెలీదు. వచ్చే ఏళ్ళ డ్రాఫ్టులో తొలి రౌండు ఎంపికలన్నీ ఆయన రాకముందే వేరే జట్లకు ఇచ్చేసి కూర్చున్నారు. 1979 దాకా తొలి రౌండులో ఒక్క కుర్రాణ్ణీ తీసుకోలేకపోయారు. కొత్త నెత్తురు రాదు కాబట్టి, ఉన్నవాళ్ళ చేత రెట్టింపు చేయించాలనుకున్నాడు. కాలేజీలో ఫుట్‌బాల్ ఆడని విన్స్ పపాలీ అనే ముప్పై ఏళ్ళ మాస్టారికి కూడా చోటిచ్చాడు. నువ్వు చూసిన ‘ఇన్విన్సిబుల్’ సినిమా ఆయన కథే. మొదటి ఏడు 4 గెలుపులు, 10 ఓటములు. మూడో ఏటికి ప్లేఆఫ్స్. 1981 జనవరిలో ఏకంగా సూపర్ బౌల్. అక్కడ రెయిడర్స్ చేతిలో 27-10తో ఓడారు. ఈ ఊరు ఊరంతా ఆ రాత్రి అన్నం మానేసినట్టే ఉంది.

చాకిరీ ఫలించలేదని నేను అనను, ఫలించింది. కానీ ఆయన స్టేడియం ఆఫీసులో మడత మంచం వేసుకున్నాడు. ఫిల్ము, ప్లాను, మళ్ళీ ఫిల్ము. 1982 సీజన్ ఆటగాళ్ళ సమ్మెతో సగమే జరిగింది, అందులోనూ 3 గెలిచి 6 ఓడారు. 1983 జనవరిలో, నలభై ఆరేళ్ళకే, బర్నౌట్ అయిపోయానని అందరి ముందూ చెప్పి వెళ్ళిపోయాడు. పద్నాలుగేళ్ళు టీవీలో వ్యాఖ్యానం చెప్పుకున్నాడు. నువ్వు వేసుకున్న మంచం అదేరా. అందుకే భయం నాకు.

1997లో, అరవై ఏళ్ళ వయసులో, సెయింట్ లూయిస్ రామ్స్‌కి తిరిగొచ్చాడు. మొదట పాత పద్ధతే. గంటల తరబడి ప్రాక్టీసు. 5-11, తర్వాత 4-12. ఆటగాళ్ళు తిరగబడేదాకా వచ్చింది. అప్పుడాయన మారాడు చూడు, నేను నీకు చెప్పదలచింది అదే. 1999లో ప్రాక్టీసులు కుదించాడు. అఫెన్స్ పగ్గాలు సహాయ కోచ్ మైక్ మార్ట్జ్ చేతికిచ్చి తాను పక్కన నిలబడ్డాడు. సీజన్‌కి ముందే క్వార్టర్‌బ్యాక్ ట్రెంట్ గ్రీన్ మోకాలు పోతే, విలేకరుల ముందు కన్నీళ్ళు పెట్టుకుని, కర్ట్ వార్నర్ చుట్టూ నిలబడి ఆడతామన్నాడు. ఎవరీ వార్నర్? కొన్నేళ్ళ కిందట అయోవాలో కిరాణా కొట్టులో అరలు సర్దినవాడు. వాళ్ళే 13-3తో లీగుని ఊపేశారు. 2000 జనవరి 30న అట్లాంటాలో సూపర్ బౌల్‌లో టైటాన్స్‌ని 23-16తో ఓడించారు. చివరి ప్లేలో మైక్ జోన్స్ గోల్ లైన్‌కి ఒక గజం ముందు కెవిన్ డైసన్‌ని పట్టి పడేశాడు. నేను సోఫా మీద నుంచి లేచి నిలబడిపోయాను. మా జట్టు కాకపోయినా!

ఆ మార్పు తేలిక అనుకోకు. అరవై దాటాక తన పద్ధతి తప్పని ఒప్పుకుని దిద్దుకోవడం చాలామంది వల్ల కాదు. నీకు ఇరవై ఆరు, ఇప్పుడే దిద్దుకో. తెల్లవారుజామున మూడింటికి చూసిన ఫిల్ములో కనబడేది నీ నిద్రమత్తే. చేసిన పని పక్కవాడికి నేర్పు, వాడి చేతికి వదులు. కుర్రాళ్ళ స్పీడూ బరువూ నీ దగ్గర అంకెల్లో ఉంటాయి, బాగానే ఉంది. ఆ కుర్రాడి ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగాలేదో కూడా తెలుసుకో. వర్మీల్ ఆటగాళ్ళను ఇంటికి పిలిచి భోజనం పెట్టేవాడు. ఏడుపొస్తే ఏడ్చేవాడు, దాచుకోలేదు. కన్సస్ సిటీలో ఇంకో అయిదేళ్ళు చేశాక మొత్తం లెక్క 120 గెలుపులు, 109 ఓటములు. రెండింటికీ తేడా పదకొండే. అయినా 2022లో, ఎనభై అయిదేళ్ళ వయసులో, హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నారు. గెలుపులు లెక్కపెట్టి నీకు నువ్వు విలువ కట్టుకోకు, బంగారం.

ఎక్కువ చెప్పానా? చెప్పాల్సినవాణ్ణి నేనే కదా, మీ నాన్న లేని లోటు తీర్చాల్సిన భారం నా మీదే ఉంది.

శనివారం ఆట, ఆదివారం ఫిల్ము అంటావు. సరే, గురువారం రాత్రి అక్కయ్యకు ఫోన్ చెయ్యి, ఎంత పనున్నా సరే. ఆట గురించి కాదు, ఏం తిన్నావో చెప్పు. జనవరిలో నాలుగు రోజులు మా ఇంటికి రా. టికెట్ నేను కొంటాను. అత్తయ్య గోంగూర పచ్చడి పంపుతోంది. అది ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టుకుని, ఇంట్లో అన్నం వండుకుని తిను.

ఆశీస్సులతో,
మీ మామయ్య