పల్లెబాట పట్టిన రాయబారి

కామారెడ్డి నుండి ఎల్లారెడ్డికి పోవు త్రోవలో ఏ పల్లెలోనైనను ఆగి, ఎనుబది యేండ్లు దాటిన రైతుతో ముచ్చటించినచో మూడు మాటలు తరచుగా వినవచ్చును: బ్లాకు, సమితి, గ్రామసేవకుడు. ఆ బావి సమితి సొమ్ముతో త్రవ్వినదనియు, ఆ వరివిత్తు మొదట గ్రామసేవకుడు తెచ్చి యిచ్చినదనియు పెద్దలు చెప్పుకొందురు. నేటి బాలబాలికలకు ఈ మాటలు అంతగా తెలియవు. ఇవి మన పల్లెలకు వచ్చుటకు ముఖ్యకారణము మన నాయకుల ఆలోచనయు, మన ఉద్యోగుల శ్రమయును. అయినను సముద్రముల కావలి నుండి వచ్చిన ఒక రాయబారి పట్టుదలయు అందు కొంత కలదు. ఆయన పేరు చెస్టరు బౌల్సు.

బౌల్సు 1901 ఏప్రిల్ 5వ తేదీన అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రమున, స్ప్రింగుఫీల్డు పట్టణమందు జన్మించెను. ఆయన తాత పేరెన్నిక గన్న పత్రికా సంపాదకుడు. యేల్ విశ్వవిద్యాలయమున 1924లో పట్టము పొంది, 1929లో విలియం బెంటను అను మిత్రునితో కలిసి న్యూయార్కు నగరమున ప్రకటనల సంస్థను స్థాపించెను. ఆ యేడే అమెరికాలో వాణిజ్యము కుప్పకూలి లక్షలాది జనులు పనులు కోల్పోయిరి. అయినను బౌల్సు సంస్థ మాత్రము వృద్ధి చెందెను. రేడియోలో కాఫీపొడిని గూర్చి మధురముగా చెప్పించి, నలుబది యేండ్లు నిండకమునుపే ఆయన ధనవంతుడయ్యెను.

ఆ తరువాత ఆయనకు వచ్చిన పని దీనికి నేరుగా విరుద్ధమైనది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున చక్కెర, మాంసము, పెట్రోలు కొరవడెను. సరకు తక్కువైనప్పుడు ధర పెరుగును. ధర పెరిగినచో ధనికుడు కొనును, పేదవాడు పస్తుండును. అందుచేత ప్రభుత్వము ధరలకు హద్దు విధించి, రేషను చీట్లు పంచెను. బౌల్సు మొదట కనెక్టికటు రాష్ట్రమునందును, 1943 నుండి దేశమంతటను ఈ ధరల నియంత్రణమును నడిపెను. కొనుడు, కొనుడు అని బోధించిన వాడే ఇప్పుడు తక్కువ కొనుడని రేడియోలో బ్రతిమాలెను! వర్తకులు ఆయనను తిట్టిరి. బియ్యపు రేషను దుకాణము ముందు నిలిచిన మన తాతముత్తాతలకు ఆ పనిలోని కష్టము చెప్పనక్కరలేదు.

1948 ఎన్నికలలో గెలిచి ఆయన కనెక్టికటు గవర్నరయ్యెను. తన రాష్ట్ర సైనికదళమున నల్లవారిని వేరుగా నుంచు దురాచారమును మాన్పించెను. రెండేండ్లకే ఓడిపోయెను. అప్పుడు అధ్యక్షుడు ట్రూమను ఆయనను భారతదేశమునకు రాయబారిగా నియమించెను.

బౌల్సు ఢిల్లీ చేరినది 1951 అక్టోబరు మాసమున. మన ప్రాంత చరిత్రలో ఆ సంవత్సరము మరపునకు రానిది. ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే భూదానోద్యమమునకు నాంది పలికెను. అక్టోబరులోనే తెలంగాణ సాయుధ పోరాటము విరమింపబడెను. ఆకలిగొన్న పల్లెలలో కమ్యూనిజము వేళ్లూనునని అమెరికా భయపడుచుండెను. బౌల్సునకు ఆ భయము లేదనుట సత్యము కాదు. కాని దానికి మందు తుపాకి కాదనియు, భూమి, నీరు, విత్తనము, చదువు అనియు ఆయన నమ్మెను. కౌలుదారునకు భూమిపై హక్కు లేనిచో ఎంత సహాయమైనను ఇసుకలో పోసిన నీరగునని పలుమార్లు తన ప్రభుత్వమునకు వ్రాసెను.

ఆయన తన పిల్లలను మన దేశపు బడులకే పంపెను. వారు సైకిళ్లపై బడికి పోవుట చూచి ఢిల్లీవాసులు విస్తుపోయిరి. విందులలో కాలము గడపుటకు మారుగా పల్లెలు తిరుగుట ఆయనకు ఇష్టము. ఉత్తరప్రదేశమున ఇటావా ప్రాంతమందు ఆల్బర్టు మేయరు అను అమెరికా వాస్తుశిల్పి ఆరంభించిన గ్రామాభివృద్ధి పని ఆయనను మిక్కిలి ఆకర్షించెను. కొత్త విత్తనము, పచ్చిరొట్ట ఎరువు, శుభ్రమైన బావి, వీని నన్నిటిని ఒకే కార్యకర్త రైతు ముంగిటికి తెచ్చుట అచ్చటి పద్ధతి. దీనిని దేశమంతట వ్యాపింపజేయ దలచిన నెహ్రూకు బౌల్సు తోడు నిలిచెను. 1952 జనవరి 5న 5 కోట్ల డాలర్ల సహాయమునకు రెండు ప్రభుత్వములు ఒడంబడిక చేసికొనెను. ఆ యేటి గాంధీజయంతి నాడు 55 సమాజాభివృద్ధి పథకములు ఆరంభమయ్యెను. ఒక్కొక్క పథకమునందు సుమారు 300 గ్రామములు. పథకమునకు మూడు బ్లాకులు. కొన్ని గ్రామములకొక గ్రామసేవకుడు. క్రమముగా దేశమంతయు బ్లాకులుగా విభజింపబడెను.

ఎల్లారెడ్డికి చేరువనే మంజీరపై 1931లో పూర్తియైన నిజాంసాగరమున్నది. కాని దాని కాలువలు దిగువ భూములకే పారును. కామారెడ్డి వైపు పల్లెలు చెరువులను, బావులను నమ్ముకొనవలసినదే. ఇట్టి పల్లెలలో బావికి అప్పు ఇప్పించి, టీకాలు వేయించి, మంచి విత్తు చేతబెట్టు మనిషి యొకడు ఉండుట చిన్న విషయము కాదు. ఈ పథకమున లోపములు లేకపోలేదు. లాభము పెద్ద రైతులకే ఎక్కువగా చేరెను. కాగితములపై లెక్కలు పెరిగినంతగా జనుల పూనిక పెరుగలేదు. 1957లో బల్వంతరాయ్ మెహతా సంఘము ఈ సంగతినే తేల్చి చెప్పగా, 1959లో ఆంధ్రప్రదేశమున పంచాయతీ సమితులు వెలసెను.

అప్పటికి బౌల్సు ఇక్కడ లేడు. 1953లో ఐసెన్‌హోవరు అధ్యక్షుడు కాగా, ఎదుటి పక్షమువాడైన బౌల్సు పదవి పోయెను. మరల 1961లో కెన్నెడీ ప్రభుత్వమున విదేశాంగ శాఖలో రెండవ స్థానము లభించెను గాని, అది యేడాది నిలువలేదు. క్యూబాపై దాడి చేయుటకు రహస్యముగా ప్రయత్నము జరుగుచుండగా, అది అన్యాయమని ఆయన పై అధికారికి వ్రాసి యిచ్చెను. ఆ దాడి విఫలమై పరువు పోయినది. బౌల్సు ముందే వలదన్నాడని బయటికి పొక్కగా, ఆయనపైనే కోపము వచ్చెను! నవంబరులో ఆయనను ఆ స్థానము నుండి తొలగించిరి. ఓటమిలో పాలుపంచుకొన్న వానిని క్షమించుట కంటె, ముందుగా హెచ్చరించిన వానిని క్షమించుట అధికారులకు కష్టము కాబోలు.

1963లో ఆయన తిరిగి ఢిల్లీకి వచ్చెను. చైనా యుద్ధమున దెబ్బతిన్న భారతదేశమునకు ఆయుధ సహాయము ఇప్పింపవలెనని ఎంతయో పాటుపడెను. నిర్ణయము దగ్గరపడిన వేళ నవంబరు 22న కెన్నెడీ హత్య జరిగెను. మరల కూడదీసికొనునంతలో 1964 మే 27న నెహ్రూ అస్తమించెను. ఆ పని సాగలేదు. ఆయన చేతులు వణకజొచ్చినదియు ఆ కాలముననే. అది పార్కిన్సను వ్యాధి.

అన్నిటికంటె గట్టి పరీక్ష కరవు రూపమున వచ్చెను. 1965, 1966 సంవత్సరములలో వరుసగా వానలు తప్పెను. అమెరికా గోధుమల ఓడ రేవు చేరినగాని అనేక ఇండ్లలో పొయ్యి వెలుగని స్థితి. వియత్నాము యుద్ధమును భారతదేశము విమర్శించుట అధ్యక్షుడు జాన్సనునకు కంటగింపయ్యెను. మన వ్యవసాయవిధానము మారవలెననియు ఆయన పట్టుపట్టెను. అందుచే ధాన్యమును ఒక్కసారిగా మంజూరు చేయక, కొద్దికొద్దిగా వదలుచుండెను. అన్నము కొరకు నోరు కట్టుకొనుమనుట ఏ స్వతంత్రదేశమునకైనను అవమానమే. తన అధ్యక్షుని ఆజ్ఞకు, తానెరిగిన పల్లెల ఆకలికి నడుమ బౌల్సు చిక్కుకొనెను. రాజీనామా చేయలేదు, మౌనముగాను ఉండలేదు. ఆలస్యము తగదని తంతిపై తంతి పంపెను. కొన్నిసార్లు ఆ మాట చెల్లెను, కొన్నిసార్లు చెల్లలేదు. ఈలోగా సి. సుబ్రహ్మణ్యము పూనికతో మెక్సికో గోధుమ విత్తనములు దిగుమతి యయ్యెను. 1966-67లో 1 కోటి 14 లక్షల టన్నులు పండిన గోధుమ, మరుసటి యేడు 1 కోటి 65 లక్షల టన్నులకు పెరిగెను. ఓడల కొరకు ఎదురుచూచుట క్రమముగా తగ్గెను.

1967 మార్చి 6 రాత్రి స్టాలిను కుమార్తె స్వెత్లానా ఢిల్లీలోని అమెరికా రాయబార కార్యాలయమున శరణు వేడగా, పైవారి జవాబు కొరకు కూర్చుండక ఆ రాత్రియే ఆమెను విమానమెక్కించినవాడు కూడ ఈ బౌల్సే. 1969లో పదవి వదలి స్వదేశమునకు మరలెను. వ్యాధి ముదిరినను 1971లో తన జీవితకథను ప్రకటించి, 1986 మే 25న కనెక్టికటులోని స్వగృహమున కన్నుమూసెను.

ఆ సంవత్సరముననే ఆంధ్రప్రదేశమున సమితులకు మారుగా మండల ప్రజాపరిషత్తులను నెలకొల్పు చట్టము వచ్చెను. 2016లో కామారెడ్డి జిల్లా కేంద్రమయ్యెను. పలకలపై పేర్లు మారినవి. బజారులో నిలిచి మండల కార్యాలయమునకు త్రోవ యడిగినచో, ఏ ముదుసలియో చేయి చాపి, "సమితి ఆఫీసా? అటు పోండి" అని నేటికిని చెప్పును.