కూలి డబ్బు ఏ ఖాతాలో పడింది?

డబ్బు వేశామంటారు ఆఫీసులో. పడలేదంటారు బ్యాంకులో. చాలాసార్లు ఇద్దరూ నిజమే చెబుతుంటారు. డబ్బు పడింది, మీరు పట్టుకెళ్లిన పాస్‌బుక్కులో కాదు.

ఉపాధి హామీ కూలికి ఆధార్ ద్వారా చెల్లింపును 2024 జనవరి 1 నుంచి తప్పనిసరి చేశారు. ఈ పద్ధతిలో సొమ్ము ఖాతా నంబరును బట్టి రాదు, ఆధార్ నంబరును బట్టి వస్తుంది. ఏ ఆధార్‌కు ఏ బ్యాంకో, బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ సంస్థ దగ్గర నమోదై ఉంటుంది. అక్కడ ఒక మనిషికి ఒకే బ్యాంకు, అదీ చివరగా నమోదు చేసినది. లోను కోసం ఎప్పుడో తెరిచి మరిచిపోయిన ఖాతా అయినా సరే, కూలి అందులోకే పోతుంది. 2017లో ఒక మొబైల్ కంపెనీ సిమ్ ధ్రువీకరణకని వేలిముద్రలు తీసుకుని, తన పేమెంట్స్ బ్యాంకులో ఖాతాలు తెరిచేసింది. ఎంతోమంది గ్యాస్ సబ్సిడీ వాళ్లకు తెలియకుండానే అందులో జమైంది.

కాబట్టి ఎవరితోనైనా గొడవపడే ముందు మైఆధార్ వెబ్‌సైట్‌లో 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' చూసుకోండి. దానికి ఓటీపీ వస్తుంది. అంటే ఆధార్‌లో ఇచ్చిన ఫోన్ నంబరు మీ దగ్గరే ఉండాలి. నంబరు మార్చిన ప్రతిసారీ ఆధార్‌లోనూ మార్పించుకోవడం దండగ పని కాదు. బ్యాంకు మార్చాలంటే మీకు కావలసిన బ్రాంచికి వెళ్లండి. ఊరికే "ఆధార్ లింకు చేయండి" అంటే గుర్తింపు వివరాల (కేవైసీ) కింద ఎక్కించి పంపేయొచ్చు. "ప్రభుత్వ డబ్బు ఈ ఖాతాకే రావాలి, డీబీటీ సీడింగ్ చేయండి" అని కాగితం మీద రాసిచ్చి, రసీదు తీసుకోండి.

ఇక వేలిముద్రలు. సున్నం, సిమెంటు కలిపే చేతులకు గీతలు అరిగిపోతాయి. రేషన్ షాపులో యంత్రానికి అవి అందకపోతే తప్పు మీది కాదు. ముద్ర పడలేదన్న ఒక్క కారణంతో అర్హుడికి రేషన్ ఎగ్గొట్టడానికి వీల్లేదు. ఐరిస్‌తోనో ఓటీపీతోనో ఇమ్మని గట్టిగా అడగండి. తీరిక చూసుకుని ఆధార్ కేంద్రంలో ముద్రలు కొత్తగా వేయించుకోండి.

వలస వెళ్లినవాళ్లకు ఒక మాట. కేంద్ర కోటా రేషన్ కార్డుంటే శ్రీకాకుళం మేస్త్రీ హైదరాబాద్‌లో బియ్యం తీసుకోవచ్చు. ఇంటి దగ్గరున్నవాళ్లు తమ వాటా అక్కడే తెచ్చుకోవచ్చు. 2019 ఆగస్టులో ఈ సదుపాయం మొదట వచ్చిన రాష్ట్రాల్లో మన తెలుగు రాష్ట్రాలు రెండూ ఉన్నాయి.

ఆధార్ సందేహాలకు 1947కు ఫోన్ చేసి తెలుగులోనే అడగండి. పని చేసిపెడతామనే మధ్యవర్తులకు మాత్రం ఓటీపీ చెప్పకండి.