అప్పు దాస్తే పెరుగుతుంది

చదవండి. పక్కవారికి చదివి వినిపించండి. కలిసి మాట్లాడుకోండి.

ఇది నాగమ్మ కథ. నాగమ్మ ఒక ఊరి మనిషి కాదు. చాలా ఊళ్ళలో జరిగేదే ఇక్కడ ఒక కథగా చెప్పుకుందాం.

1. ఫంక్షను అప్పు

నాగమ్మ, వెంకయ్య కూలి పని చేస్తారు. ఒక ఎకరం కౌలుకు చేస్తారు. వారికి ఒక కూతురు, ఒక కొడుకు.

కూతురికి ఓణీల ఫంక్షను చేయాలన్నాడు వెంకయ్య. "ఉన్నంతలో చేద్దామయ్యా" అంది నాగమ్మ.

"నలుగురిలో పరువు పోతుంది. అన్న కూతురికి ఎంత బాగా చేశారో చూశావు గదా" అన్నాడు వెంకయ్య.

షావుకారు దగ్గర 40,000 రూపాయలు తెచ్చారు. వడ్డీ నూటికి మూడు రూపాయలు. నోటు మీద వెంకయ్య సంతకం పెట్టాడు. నాగమ్మ వేలిముద్ర వేసింది. అప్పటికి ఆమెకు చదువు రాదు.

షామియానా వేశారు. మైకు పెట్టారు. మూడు వందల మందికి భోజనాలు పెట్టారు. "వెంకయ్య బాగా చేశాడు" అని ఊరంతా మెచ్చుకుంది. ఈ డబ్బు ఎక్కడిదని ఎవరూ అడగలేదు.

2. జ్వరం అప్పు

రెండేళ్ళు గడిచాయి. ఒక వానాకాలంలో కొడుక్కి జ్వరం పట్టుకుంది. పట్నం ఆసుపత్రికి తీసుకుపోవాలి. చేతిలో పైసా లేదు. నాగమ్మ తన ఆడబిడ్డ దగ్గరికి పోయి 2,000 రూపాయలు అడిగింది.

ఆడబిడ్డ డబ్బు ఇచ్చింది. ఒక మాట కూడా అంది. "ఎప్పుడు చూసినా చెయ్యి చాచడమేనా వదినా? ఇల్లు గుట్టుగా నడుపుకోవడం తెలియదా?"

ఆ మాట నాగమ్మ గుండెలో ముల్లులా దిగింది. ఇంక ఎవరినీ అడగకూడదు అనుకుంది. రోజువారీ ఫైనాన్సు అతని దగ్గర, మొగుడికి కూడా చెప్పకుండా, 10,000 రూపాయలకు కాగితం రాసింది. అతను ముందే 1,500 పట్టుకున్నాడు. చేతికి 8,500 వచ్చింది. రోజుకు 100 రూపాయల చొప్పున వంద రోజులు కట్టాలి.

పిల్లవాడు బాగయ్యాడు. ఆడబిడ్డ బాకీ తీరింది. కాని రోజూ 100 కట్టాలంటే షావుకారు వడ్డీ ఆగింది. ఒక అప్పు కోసం ఇంకొక అప్పు. దాని కోసం ఒక అబద్ధం.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆలోచించండి. భోజనాల కోసం 40,000 అప్పు చేస్తే ఊరు మెచ్చుకుంది. బిడ్డ ప్రాణం కోసం 2,000 అడిగితే తప్పు పట్టింది. ఇది న్యాయమేనా?

3. అంకె లేని కాగితం

నాగమ్మ ఊళ్ళో రాత్రి బడి పెట్టారు. నాగమ్మ చేరింది. ఆరు నెలల్లో అక్షరాలు, అంకెలు నేర్చుకుంది. సంతకం నేర్చుకుంది.

అప్పు తెచ్చి 35 నెలలయింది. ఒక రోజు పొద్దున్నే షావుకారు కొత్త నోటు తెచ్చాడు. "నోటుకు మూడేళ్ళు నిండబోతున్నాయి. తిరగరాయాలి. ఇద్దరూ సంతకాలు పెట్టండి" అన్నాడు.

మూడేళ్ళ గడువు దాటితే ఆ నోటు మీద కోర్టులో డబ్బు రాబట్టడం కష్టం. అందుకే అప్పు ఇచ్చినవారు గడువు లోపలే నోటు తిరగరాయిస్తారు. అప్పుడే కట్టని వడ్డీని కూడా అసలులో కలుపుతారు. అక్కడి నుంచి వడ్డీకి కూడా వడ్డీ పడుతుంది. దాన్నే చక్రవడ్డీ అంటారు.

వెంకయ్య పెన్ను తీసుకున్నాడు. నాగమ్మ కాగితం తీసుకుని కూడబలుక్కుని చదివింది. పేర్లు ఉన్నాయి. ఊరు ఉంది. రూపాయలు అని ఉన్నచోట ఖాళీ ఉంది.

"ఇక్కడ అంకె లేదు బాబూ" అంది.

"తొమ్మిది నెలల వడ్డీ బాకీ ఉంది. లెక్క చూసి తర్వాత రాసుకుంటాలే. నా మీద నమ్మకం లేదా నాగమ్మా?"

"సంతకం పెట్టవే. పరువు తీయొద్దు" అన్నాడు వెంకయ్య.

నాగమ్మ చేతులు వణికాయి. అయినా నోరు విప్పింది. "నమ్మకం ఉంది బాబూ. నమ్మకం ఉన్నా రాసుకుందాం. అంకె లేని కాగితం మీద నేను సంతకం పెట్టను. రేపు లెక్క చూసుకుందాం."

షావుకారు విసురుగా లేచి పోయాడు. ఆ రాత్రి వెంకయ్య అన్నం తినలేదు.

4. తలుపు వెనక గీతలు

చదువు రానప్పుడు నాగమ్మ ఒక పని చేసింది. వడ్డీ కట్టినప్పుడల్లా తలుపు వెనక బొగ్గుతో ఒక గీత గీసింది. చదువు వచ్చాక నోటు పుస్తకంలో తేదీ రాసింది. గీతలు, తేదీలు కలిపి 31.

మర్నాడు నాగమ్మ పొదుపు సంఘం దగ్గరికి పోయింది. పన్నెండు మంది ఉన్నారు. నాగమ్మ తల వంచుకుని మొత్తం చెప్పింది. ఫైనాన్సు అప్పు సంగతీ చెప్పింది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

"నాకూ ఉంది అక్కా, రోజు ఫైనాన్సు" అంది ఒకామె. "నాకు వారం ఫైనాన్సు" అంది ఇంకొకామె. "మా ఆయనకు తెలియకుండా కమ్మలు తాకట్టు పెట్టాను" అంది మరొకామె. పన్నెండు మందిలో పదిమందికి దాచిన అప్పు ఉంది. ప్రతి ఒక్కరూ తన ఒక్క ఇంట్లోనే ఉందనుకున్నారు!

వారంతా కలిసి లెక్క వేశారు.

నూటికి నెలకు 3 రూపాయలు. 40,000 కి నెలకు 1,200 రూపాయలు. 35 నెలలకు 42,000 రూపాయలు. నాగమ్మ 31 నెలలు కట్టింది. అంటే 37,200 రూపాయలు. బాకీ నాలుగు నెలలు. తొమ్మిది కాదు.

ఆ ఊళ్ళో కూలి రోజుకు 300. నెల వడ్డీ 1,200 అంటే నాలుగు రోజుల కూలి. నెలకు నాలుగు రోజులు నాగమ్మ నడుం వంచి నాట్లు వేసింది వడ్డీ కోసమే. అయినా అసలులో ఒక్క రూపాయి తగ్గలేదు.

సంఘం లీడరు సుబ్బమ్మ, ఇంకో నలుగురు కలిసి షావుకారు ఇంటికి పోయారు. వెంకయ్య కూడా వెనకే పోయాడు. "బొగ్గు గీతలు సాక్ష్యమా?" అని నవ్వాడు షావుకారు. "అయితే మీ చిట్టా తీయండి బాబూ" అంది సుబ్బమ్మ. చిట్టాలో 30 నెలల జమ ఉంది. ఒక నెల తేడా వచ్చింది. ఆ నెలకు రసీదు లేదు. నాగమ్మ ఆ 1,200 రూపాయలు వదులుకోవాల్సి వచ్చింది. బాకీ ఐదు నెలలని తేలింది. అంటే 6,000 రూపాయలు.

అంకె లేని నోటు మీద సంతకం పెట్టి ఉంటే తొమ్మిది నెలల వడ్డీ, 10,800 రూపాయలు, అసలులో కలిసేది. అంతకన్నా ఎక్కువ రాసుకున్నా అడిగే దారి ఉండేది కాదు.

5. అప్పు తీర్చిన దారి

నాగమ్మ ఒక మేకను అమ్మి 6,000 కట్టింది. రోజు ఫైనాన్సు వంద రోజులు ఆ నెలతో నిండాయి. అసలు కోసం సంఘం 40,000 ఇచ్చింది. వడ్డీ నూటికి రూపాయి. షావుకారు అప్పు తీరింది. పాత నోటు నాగమ్మ చేతికి వచ్చింది.

సంఘానికి నెలకు 2,000 అసలు, దానితో వడ్డీ కట్టాలి. మొదటి నెల వడ్డీ 400. అసలు తగ్గే కొద్దీ వడ్డీ తగ్గుతుంది. రెండో నెల 380. మూడో నెల 360. ఇరవై నెలల్లో అప్పు తీరుతుంది. మొత్తం వడ్డీ 4,200 రూపాయలు.

షావుకారు దగ్గరే ఉంటే ఆ ఇరవై నెలలకు వడ్డీ 24,000. అసలు 40,000 అలాగే ఉండేది.

వెంకయ్య ఈ లెక్క రెండుసార్లు వేయించుకుని విన్నాడు. "పరువు, పరువు అని నేనే ముంచాను" అన్నాడు.

6. అప్పు ఒక్క నాగమ్మదేనా?

2019లో కేంద్ర ప్రభుత్వం వ్యవసాయ కుటుంబాల సర్వే చేసింది. దేశంలో 100 కుటుంబాలకు 50 కుటుంబాలు అప్పులో ఉన్నాయి. తెలంగాణలో 100కి దాదాపు 92. ఆంధ్రప్రదేశ్‌లో 100కి 93. ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో వ్యవసాయ కుటుంబానికి సగటున రెండు లక్షల 45 వేల రూపాయల అప్పు ఉంది.

నూటికి 93 ఇళ్ళలో ఉన్నదాన్ని ఒక్క ఆడదాని తప్పు అనవచ్చా? వాన రాకపోతే అప్పు. పంటకు ధర రాకపోతే అప్పు. జబ్బు చేస్తే అప్పు. కట్నానికి అప్పు. ఇవన్నీ మగవారివి, ఆడవారివి, ఊరందరివి. కాని "ఇల్లు నడపడం చేతకాదు" అనే మాట మాత్రం ఆడదానికే.

సిగ్గుపడి దాస్తే ఏమవుతుంది? ఎక్కువ వడ్డీకి తెస్తాం. లెక్క అడగం. కాగితం చదవం. ఒంటరిగా కుమిలిపోతాం. సిగ్గు వల్ల లాభపడేది వడ్డీ తినేవారే.

2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మ రుణ కంపెనీలు ఒకే ఇంటికి మూడు నాలుగు అప్పులు ఇచ్చాయి. వసూలుకు వచ్చి వేధించారని, కొందరు ప్రాణాలు తీసుకున్నారని వార్తలు వచ్చాయి. ఆ ఏడాది అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. అప్పు కన్నా అవమానం ఎక్కువ భయపెడుతుంది. ప్రాణం కన్నా అప్పు పెద్దది కాదు. ఈ మాట మీ ఇంట్లో అందరికీ చెప్పండి.

ఆడవారు కలిస్తే ఏం చేయగలరో నెల్లూరు జిల్లా స్త్రీలు చూపించారు. రాత్రి బడుల్లో చదువుకుని సారా మీద పోరాడారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధించారు. ఆ తర్వాత వారే రోజుకు ఒక్క రూపాయి చొప్పున పొదుపు మొదలుపెట్టారు.

7. తెలుసుకోండి

భర్త చేసిన అప్పుకు భార్య సంతకం గాని, జామీను గాని లేకపోతే ఆమె సొంత సొమ్ము నుంచి కట్టనక్కరలేదు. భర్త చనిపోతే, అతని నుంచి వచ్చిన ఆస్తి మేరకే బాధ్యత.

అప్పు కింద మనిషిని పనికి కట్టిపడేయడం వెట్టిచాకిరీ. 1976 చట్టం దాన్ని రద్దు చేసింది. అలాంటి అప్పు కట్టనక్కరలేదు.

సూక్ష్మ రుణాలకు 2022లో రిజర్వు బ్యాంకు నియమాలు పెట్టింది. ఇంటి మొత్తం అప్పుల కిస్తీలు నెల ఆదాయంలో సగం దాటకూడదు. వసూలు కోసం ఉదయం 9 గంటలకు ముందు, సాయంత్రం 6 గంటల తర్వాత రాకూడదు. తిట్టకూడదు. చుట్టాలను, పక్కవారిని వేధించకూడదు.

ఫోనులో అప్పు ఇచ్చే యాప్‌లు కొన్ని ఫోటోలు, నంబర్లు తీసుకుని బెదిరిస్తాయి. అలా జరిగితే 1930 నంబరుకు ఫోను చేయండి.

ఆడవారికి ఉచితంగా వకీలు సాయం ఇవ్వాలని చట్టం ఉంది. ఆదాయం ఎంత ఉన్నా ఇస్తారు. ఫోను నంబరు 15100.

8. గుర్తుంచుకోండి

ఖాళీ కాగితం మీద సంతకం గాని, వేలిముద్ర గాని వేయవద్దు.

అంకెల్లోనూ, అక్షరాల్లోనూ రాయించండి. తేదీ, వడ్డీ చూసుకోండి.

కట్టిన ప్రతిసారీ రసీదు తీసుకోండి. లేదా నోటు వెనక జమ రాయించండి.

అప్పు తీరిన రోజే నోటు వెనక్కి తీసుకోండి.

అప్పు తెచ్చే ముందు అడగండి: చేతికి ఎంత వస్తుంది? మొత్తం ఎంత కట్టాలి? ఎన్ని రోజుల కూలి?

ఇంట్లో దాచవద్దు. సంఘంలో చెప్పండి.

కొత్త మాటలు

అసలు: తెచ్చిన సొమ్ము
జమ: కట్టిన సొమ్ము
కిస్తీ: వాయిదా ప్రకారం కట్టే సొమ్ము
జామీను: ఇంకొకరి అప్పుకు పూచీ పడడం
చిట్టా: రోజువారీ లెక్కల పుస్తకం

లెక్క చేయండి

1. 5,000 రూపాయలకు నూటికి 2 రూపాయల వడ్డీ. నెలకు ఎంత? ఏడాదికి ఎంత?
2. రోజు ఫైనాన్సులో నాగమ్మ చేతికి 8,500 వచ్చింది. మొత్తం 10,000 కట్టింది. వంద రోజులకు వడ్డీ ఎంత?
3. మీ ఇంటి అప్పుకు నెల వడ్డీ ఎంత? అది మీకు ఎన్ని రోజుల కూలి?

మాట్లాడుకోండి

1. ఏ అప్పును మీ ఊరు మెచ్చుకుంటుంది? ఏ అప్పును తప్పు పడుతుంది? ఎందుకు?
2. ఆడబిడ్డ ఏమని ఉంటే నాగమ్మ ఫైనాన్సు దగ్గరికి పోయేది కాదు?
3. ఫంక్షను ఖర్చు తగ్గించాలంటే ముందు ఎవరు మొదలుపెట్టాలి?

రాయండి

మీ నోటు పుస్తకంలో ఒక పేజీ తీసుకోండి. పైన "మా ఇంటి అప్పు" అని రాయండి. ఎవరి దగ్గర, ఎంత, ఎప్పుడు, వడ్డీ ఎంత, ఎంత కట్టాం. అన్నీ రాయండి. ఆ పేజీని ఇంట్లో వారికి చదివి వినిపించండి.