నిలబడితే వేడెక్కే బండి

సీజన్‌లో మదనపల్లె టమాటా మార్కెట్ ముందు పికప్ బండ్లు బారులు తీరి ఉంటాయి. హైవే మీద ఎనభైలో వచ్చినంతసేపూ చల్లగా ఉన్న బండి ఆ లైన్లో పావుగంట నిలబడేసరికి మీటరు ముల్లు ఎర్రగీత దగ్గరికి పాకుతుంది. డ్రైవరు బానెట్ ఎత్తి నీళ్లబాటిల్ అందుకుంటాడు. పక్కవాడు రేడియేటర్ మార్చేయమంటాడు. ఇంజిన్ పనైపోయిందని ఇంకొకడు తేల్చేస్తాడు.

ఇంతమందిలో ఒక్కరైనా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఎప్పుడు వేడెక్కుతోంది?

పరుగులో చల్లగా ఉండి, నిలబడితేనే వేడెక్కుతోందంటే సగం జబ్బు దొరికినట్టే. బండి కదులుతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లార్చేస్తుంది. నిలబడ్డాక ఆ పని ఫ్యాన్ మీద పడుతుంది. అంటే ఫ్యాన్ ఎప్పుడో చెడిపోయి ఉండొచ్చు, పరుగులో ఆ సంగతి బయటపడలేదు. రోడ్డు మీద కూడా వేడెక్కుతుంటే కథ వేరు. అప్పుడు రేడియేటర్ లోపల పాచి, తుప్పు పేరుకున్నాయేమో, థర్మోస్టాట్ తెరుచుకోవడం లేదేమో చూడాలి.

మనుషుల్లోనూ ఈ తేడాను ముందు గమనించండి. ఆఫీసులో పదిమంది పని ఒంటిచేత్తో లాగించే మనిషి, ఆదివారం మధ్యాహ్నానికి ఇంట్లో అందరి మీదా ఎగిరిపడతాడు. ముప్ఫై ఏళ్లు చిరునవ్వుతో పాఠాలు చెప్పిన మాస్టారు రిటైరైన ఆరునెలలకే చిటపటలాడతారు. హైదరాబాద్ అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో పరీక్ష తేదీ దగ్గరపడితే కుదురుగా చదివే కుర్రాడు, నోటిఫికేషన్ వాయిదా పడితే కుదేలవుతాడు. వీళ్లను కోపిష్ఠులనో పిరికివాళ్లనో అనేయడం తొందరపాటు. ఇన్నాళ్లూ పని, హడావుడి, నలుగురి మెప్పు ఎదురుగాలిలా వీచి వాళ్లను చల్లగా ఉంచాయి. ఆ గాలి ఆగింది, అంతే. సొంత ఫ్యాన్ తిరుగుతోందా లేదా అన్నదే ఇప్పుడు చూడాలి.

బండిలో ఫ్యాన్‌ను ఎలా చూస్తారో చెబుతాను. కరెంటు ఫ్యాన్ అయితే ఏసీ వేయండి, చాలా బండ్లలో వెంటనే తిరగాలి. తిరగకపోతే ముందు ఫ్యూజు, తర్వాత రిలే, కనెక్టరు, చివరికి మోటారు. చవకైనది ముందు చూడాలి. చెయ్యి మాత్రం దూరంగా పెట్టండి, తాళం తీసినా అది దానంతటది తిరగొచ్చు. బెల్టుతో తిరిగే ఫ్యాన్‌కు మధ్యలో క్లచ్ ఉంటుంది. ఇంజిన్ ఆపి, తాళం జేబులో వేసుకుని, వేడి మీదే రెక్కను జాగ్రత్తగా కదపండి. కాస్త బిగువుగా రావాలి. తోస్తే అడ్డూ అదుపూ లేకుండా గిరగిరా తిరిగిందంటే లోపలి సిలికాన్ ఆయిల్ పోయినట్టే, క్లచ్ మార్చాలి. ఫ్యాన్ బాగుంటే ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య టార్చి వేసి చూడండి. దుమ్ము, పురుగులు, ఆకుల పొడి అక్కడ దట్టంగా పట్టేస్తాయి. ఇంజిన్ వైపు నుంచి బయటికి, తక్కువ ప్రెషర్ నీళ్లతో కడగాలి. కూలెంట్ మట్టం, ఎయిర్‌లాక్, పంపు బెల్టు వదులు కూడా చూసుకోవాలి.

ఈ వరుసలో మీ వేడినీ వెతకండి. చిరాకు వచ్చిన ప్రతిసారీ గంట, చోటు, ముందురోజు ఎంత నిద్రపోయారో ఓ కాగితం మీద రాయండి. వారం రాస్తే చాలు. ముందు నిద్ర, తిండి, నడక సరిచేసుకోండి. ఉద్యోగం మారడం, ఊరు మారడం లాంటి పెద్ద రిపేర్ల జోలికి ఆ తర్వాతే వెళ్లండి.

రెండు పనులు మాత్రం చేయకండి. మొదటిది, మరుగుతున్న రేడియేటర్ మూత తీయడం. 1 బార్ ఒత్తిడిని ఆపే మూత బిగించి ఉంటే మామూలు నీళ్లు కూడా 120 డిగ్రీల దాకా మరగవు. మూత తీసిన క్షణంలో ఒత్తిడి పోయి, అవే నీళ్లు ఆవిరై మొహం మీదికి చిమ్ముతాయి. ఉడికిపోతున్న మనిషిని ‘ఇప్పుడే చెప్పు, ఏమైంది’ అని నిలదీసినా అంతే. ఇంజిన్ చల్లారనివ్వండి, భార్యతోనో కొడుకుతోనో మాట సాయంత్రం మాట్లాడండి.

రెండోది థర్మోస్టాట్ పీకేయడం. ఇది మన రోడ్డుపక్క షెడ్లలో బాగా పాతుకుపోయిన అలవాటు, నాకు బొత్తిగా నచ్చనిది. సుమారు 82–88 డిగ్రీల దగ్గర తెరుచుకునే ఆ చిన్న వాల్వ్ తీసేస్తే ముల్లు దిగుతుంది, నిజమే. కానీ ఇంజిన్ రావాల్సిన వేడికి సరిగా రాదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది, అరుగుదల పెరుగుతుంది. అసలు లోపం అలాగే ఉండిపోతుంది. గొడవలెందుకని ఇంట్లో ఏ విషయమూ పట్టించుకోవడం మానేసినవాళ్లు చేసేదీ ఇదే. వాళ్లు శాంతంగా కనిపిస్తారు. పిల్లాడి మార్కులకు సంతోషించడం కూడా మానేసి ఉంటారు.

రిపేరు అయ్యాక బండిని షెడ్డు ముందే ఇంజిన్ ఆన్‌లో ఉంచి అరగంట నిలబెట్టండి, ఏసీ ఉంటే వేసి. ముల్లు మధ్యలో ఆగి, ఫ్యాన్ తన పని తాను చేసుకుంటుంటేనే మెకానిక్‌కు డబ్బులివ్వండి. మీ సంగతి చూసుకోవాలంటే ఈసారి బ్యాంకు క్యూలోనో డాక్టరు దగ్గరో ఫోను సంచిలోనే ఉంచి కూర్చోండి. పది నిమిషాలకే ప్రాణం విసుగెత్తితే ఆ కాగితం మళ్లీ తీయండి.