1981లో ఆ గదిలో ఎవరున్నారు?



గత నెల ఎనిమిదో తరగతి నోట్‌బుక్కులు దిద్దుతుంటే ఒక బాబు లాంగ్‌బుక్ వెనక పేజీల్లో 1964, 1971, 1981 అని మూడు సంవత్సరాలు కనిపించాయి. సోషల్ హోంవర్క్ అనుకున్నాను. చదివితే కాదు. "1971లో ఆమె చనిపోయింది. మరి 1981లో ఆ గదిలో ఎవరున్నరు?" అని రాసి ఉంది. కింద మూడు జవాబులు. మొదటిది "దయ్యం". దాన్ని కొట్టేసి, వేరే ఇంకుతో ఎవరో స్నేహితుడు ఇలా రాశాడు: "దయ్యం అంటే ఏమైనా చేస్తది. గట్లయితే ఇగ ఆట ఎందుకు?" రెండోది "ఆమె చెల్లె". దాని పక్కన "చెల్లె ఉన్నట్టు ఎక్కడా చూపించలేదు" అని ఉంది. మూడోది "అది గది కాదు, ఎవరిదో జ్ఞాపకం". దాని పక్కన పెద్ద ప్రశ్నార్థకం.

ఆ నోట్‌బుక్ ఎవరిదో పేరు చూశాక కాసేపు ఊరికే కూర్చుండిపోయాను. అంతకు రెండు వారాల ముందే పేరెంట్స్ మీటింగ్‌లో ఆ బాబు వాళ్లమ్మ నా దగ్గరికి వచ్చారు. "వాళ్ల నాయిన నైట్ షిఫ్ట్ పోతే చాలు మేడం, పన్నెండయినా ఫోన్ ఇడుస్తలేడు. ఏదో తాళాలు తీసే ఆట అంట. మీరు చెప్తనన్న ఇంటడేమో" అన్నారు. నేను మరో మాట అడగకుండానే "ఫోన్ దాచేయండమ్మా" అని చెప్పి పంపించేశాను. క్లాసులో ఆ బాబు అసలు నోరు విప్పడు. ఎఫ్ఏ-1లో "రచయిత ఉద్దేశం ఏమై ఉంటుంది?" అనే ప్రశ్నకు ఖాళీ వదిలేశాడు. తప్పవుతుందేమోనని రాయలేదట. అదే పిల్లవాడు ఇక్కడ తన జవాబును తానే కొట్టేసి, కారణం కూడా ఒప్పుకుని, ఇంకో జవాబు వెతుకుతున్నాడు!

ఆ ఆట సంగతి చెప్తాను. నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్‌లో రస్టీ లేక్ అనే చిన్న సంస్థ ఉంది. 2015 నుంచి వాళ్లు "క్యూబ్ ఎస్కేప్" పేరుతో విడివిడి భాగాలుగా పజిల్ ఆటలు విడుదల చేస్తూ వచ్చారు. ఒక్కో భాగంలో మనం ఏదో ఒక చోట చిక్కుకుంటాం. సొరుగులు తెరిచి, గడియారం ముల్లు తిప్పి, గోడ మీది పటం వెనక చూసి బయటపడాలి. ఒక భాగం పేరు "సీజన్స్". అందులో ఒకటే గది, 1964 వసంతంలో, 1971 వేసవిలో, అదే ఏడు ఆకురాలు కాలంలో, 1981 చలికాలంలో కనిపిస్తుంది. "కేస్ 23" అనే ఇంకో భాగంలో డేల్ అనే డిటెక్టివ్ 1971లో లారా అనే ఆమె మరణాన్ని పరిశోధిస్తాడు. ఏ భాగమూ కథ మొత్తం చెప్పదు. ఒక భాగంలో దొరికిన సంగతిని ఇంకో భాగంలో దొరికిన దానితో ఆడేవాళ్లే అతికించుకోవాలి. అందుకే ప్రపంచమంతటా ఆడేవాళ్లు కొత్త భాగం రాగానే గడియారాలు, తేదీలు, గోడ మీది ఫొటోలు పోల్చి చూసుకుని, "నా లెక్క ఇది" అని వాదించుకుంటారు. మన మందమర్రిలో ఆ వాదన లాంగ్‌బుక్ వెనక పేజీలో జరుగుతోంది, అంతే తేడా.

ఇదంతా పిల్లల పిచ్చి అనిపిస్తే, మీరు చేసిందే గుర్తు చేస్తాను. "బాహుబలి" మొదటి భాగం 2015 జులై 10న వచ్చింది. రెండోది 2017 ఏప్రిల్ 28న. మధ్యలో దాదాపు 22 నెలలు కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడని అడగని ఇల్లు లేదు. అప్పుడు నాకు ఇంటర్ అయిపోయింది. మా ఇంట్లో మామయ్య "డబ్బుకు అమ్ముడుపోయాడు" అనేవాడు. పిన్నిదేమో "అసలు బాహుబలి చావలేదు" అనే పట్టు. ఎవరి మాట వాళ్లదే. ఆధారం ఎవరినీ ఎవరూ అడగలేదు.

అడిగి ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది, ఎందుకంటే ఆధారాలు మొదటి భాగంలోనే ఉన్నాయి. అస్లాం ఖాన్‌తో మాట్లాడే సన్నివేశంలో, తన పూర్వీకులు మాహిష్మతి సింహాసనానికి కట్టుబడి ఉంటామని మాట ఇచ్చారని కట్టప్ప చెప్తాడు. స్వేచ్ఛ ఇప్పిస్తానన్నా వద్దంటాడు. బాహుబలి కొడుకును గుర్తుపట్టగానే అతని పాదాన్ని తన తల మీద పెట్టుకుంటాడు. బందీగా ఉన్న దేవసేనను తప్పిస్తానని ప్రాధేయపడతాడు. ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. ద్వేషంతో చంపినవాడు ఆ కొడుకు పాదం నెత్తిన పెట్టుకోడు. డబ్బుకు అమ్ముడుపోయేవాడు స్వేచ్ఛను కాదనడు. మా మామయ్య లెక్క అక్కడే పోయింది. ఇక మిగిలింది ఆజ్ఞ. సింహాసనం తరఫున ఆజ్ఞ ఇవ్వగలిగేది ఎవరు? రెండో భాగం శివగామి ఆజ్ఞ అని తేల్చింది. కుట్ర ఎవరిదో, ఆమె ఎలా మోసపోయిందో మొదటి భాగం చూసి చెప్పడం కష్టమే. కానీ ఎవరి నోటి నుంచి ఆజ్ఞ వచ్చి ఉంటుందో ఊహించడానికి మాత్రం సరిపడా సరుకు ఉంది.

నేను ఇంగ్లిష్‌లో "ఇన్ఫరెన్స్" అని నేర్పే పాఠం సరిగ్గా ఇదే. రచయిత నేరుగా చెప్పనిదాన్ని, చెప్పిన వాటి నుంచి రాబట్టడం. నిజాయితీగా ఒప్పుకోవాలంటే, పరీక్షలు దగ్గర పడితే నేను ఆ ప్రశ్నలకు జవాబులు బోర్డు మీద రాసేస్తాను, పిల్లలు దించుకుంటారు. మార్కులొస్తాయి. రాబట్టడం మాత్రం రాదు. పాఠంలో లేని పేరా ఇస్తే పెన్ను కదలదు.

మా అమ్మ చిన్నప్పటి "చందమామ"లో బేతాళ కథ ఉండేది. బేతాళుడు కథ చెప్పి, చివర ప్రశ్న వేసి, తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుందని విక్రమార్కుణ్ణి బెదిరిస్తాడు. మా తాతయ్య చదివి వినిపిస్తూ ఆ ప్రశ్న దగ్గర ఆగి, జవాబున్న పేరా మీద అరచెయ్యి పెట్టేవాడట. అందరూ చెప్పాకే చెయ్యి తీసేవాడు. "ఎవరిది తప్పయినా నవ్వేవాడు కాదు, 'ఎందుకట్ల అనుకున్నవ్?' అనేవాడు" అని అమ్మ ఇప్పటికీ చెప్తుంది.

మీ ఇంట్లో ఆ అరచెయ్యి మీదే కావాలి. సీరియల్ అయినా సినిమా అయినా, పిల్లవాడు ఆడే ఆట అయినా, తర్వాతి భాగం చూడకముందే ఒక కాగితం మీద రాయించండి. "నేను చూసింది" ఒక పక్క, "నేననుకుంటున్నది" ఇంకో పక్క. మూడోది కొంచెం కష్టం, కానీ అసలు పని అక్కడే ఉంది: "ఏది కనిపిస్తే నా మాట మార్చుకుంటాను?" ఈ మూడో గడి నింపలేకపోతే మొదటి రెండూ ఎంత బాగున్నా అది దయ్యం జవాబే. ఏది జరిగినా సరిపోతుంది, అందుకే ఏమీ చెప్పదు. పదేళ్ల లోపు పిల్లలకు మూడో గడి వదిలేయండి, చూసింది, అనుకున్నది వేరు చేయగలిగితే చాలు. ఎదురు పేజీలోని ఇంగ్లిష్ భాగంలో ఇదే కాగితం గళ్లు గీసి ఇచ్చాం, కత్తిరించి వాడుకోండి. రాసేది ఏ భాషలో అయినా పర్వాలేదు.

ఈ మూడో గడి గురించి క్లాసులో ఎలా చెప్పాలా అని తంటాలు పడుతుంటే ఒక తండ్రి నాకు దారి చూపించారు. ఆయన అండర్‌గ్రౌండ్‌లో పని చేస్తారు. "మేం లోపలికి పోంగనే పైకప్పును తట్టి సూస్తం మేడం. ఖంగుమంటే గట్టిగున్నట్టు. డొల్లగ పలికిందనుకోండి, దాని కింద నిలబడం. నిన్న బాగనే ఉండె గదా అని ఊకోం, మళ్ల తడ్తం" అన్నారు. మర్నాడు అదే మాట క్లాసులో చెప్పాను. సగం మంది పిల్లల ఇళ్లలో ఆ తట్టే చెయ్యి ఉంది కాబట్టి, నేను వివరించాల్సిన పని పడలేదు.

ఒక జాగ్రత్త. క్యూబ్ ఎస్కేప్ చిన్నపిల్లల ఆట కాదు. తాళాలు, బొమ్మలు చూసి అలా అనిపిస్తుంది గానీ అందులో రక్తం, చావులు, భయపెట్టే నీడలు ఉన్నాయి. అయిదు, ఆరు తరగతుల పిల్లలకు వద్దు. పెద్ద పిల్లలయినా ముందు మీరు పక్కన కూర్చుని ఒక భాగం చూడండి. రాత్రి పన్నెండింటి దాకా ఏ ఆటా వద్దు, ఆ విషయంలో ఆ అమ్మ మాటే నా మాట. కాకపోతే "ఫోన్ దాచేయండి" అన్న నా సలహాను వెనక్కి తీసుకుంటున్నాను. ఆమెకు ఫోన్ చేసి అదే చెప్పాను. ఆట వారానికి రెండు రోజులు, సాయంత్రం, ఆమె ఎదురుగా. ఆట అయ్యాక కాగితం రాసి చూపించాలి. అలా ఒప్పందం చేసుకున్నారు.

ఆ బాబు ఇప్పుడు క్లాసులో గలగలా మాట్లాడేస్తున్నాడని చెప్పను. మొన్న ఒక పేరా చదివాక చెయ్యి సగం ఎత్తాడు. "మేడం, ఇది తప్పు కావచ్చు, కానీ రెండో లైన్ చూసి అనుకున్న" అన్నాడు. జవాబు తప్పే. రెండో లైన్ మాత్రం సరిగ్గా పట్టుకున్నాడు. ఆ లైన్ మీద మిగతా క్లాసంతా పది నిమిషాలు వాదించుకుంది.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు మీ ఇంటి కాగితాలు తీసుకురండి. కొట్టివేతలున్నవే తెండి, నీటుగా ఫెయిర్ చేసినవి వద్దు. 1981లో ఆ గదిలో ఎవరున్నారో తెలిసినవాళ్లు మాత్రం నాకు చెప్పకండి. నేను ఇంకా 1971 వేసవిలోనే ఉన్నాను.