పికప్ వ్యానులో పనిముట్ల పెట్టె బిగించు విధము

పూర్వము ఎడ్లబండి తోలు రైతు కందెన గొట్టమును, మోకును బండితోనే ఉంచుకొనెడివాడు. నేడు కూరగాయలను మార్కెట్టుకు, ఎరువులను పొలమునకు చేరవేయుటకు పలువురు రైతులు పికప్ వ్యానులను వాడుచున్నారు. జాకీ, పానాలు, త్రాళ్లు, పార, గునపము మొదలగువానిని ఒక ఇనుప పెట్టెలో వేసి, ఆ పెట్టెను వ్యాను తొట్టిలో ఊరక పెట్టుట తరచు చూచుచున్నాము. ఇది ప్రమాదకరము.

బిగించని పెట్టెతో ముప్పు

పెట్టె, పనిముట్లు కలిసి 60 కిలోలున్నవనుకొందము. గంటకు 40 కిలోమీటర్ల వేగముతో పోవు బండి దేనినైన గ్రుద్దుకొని అర మీటరు దూరములో ఆగినచో, ఆ పెట్టెను కదలకుండ పట్టి ఉంచుటకు సుమారు 750 కిలోల బరువుకు సమానమైన బలము కావలెను. "బరువైన పెట్టె గదా, ఎక్కడికి పోవును?" అని కొందరందురు. కాని బరువు పెరిగిన కొలది దానిని ఆపుట కష్టమగును. విడిగా ఉన్న పెట్టె క్యాబిను వెనుక గోడను బలముగా గ్రుద్దవచ్చును; రోడ్డుపై పడి వెనుక వచ్చు మోటారు సైకిలువాని ప్రాణము తీయవచ్చును.

ఎక్కడ అమర్చవలెను?

తొట్టి ముందు భాగమున, క్యాబిను వైపు గోడకు దగ్గరగా అమర్చుట మేలు. అప్పుడు బరువు ముందు, వెనుక చక్రముల నడుమ పడును. తొట్టి చివర పెట్టినచో ముందు చక్రములపై బరువు తగ్గి, స్టీరింగు పట్టు సడలును. మన వ్యానులలో క్యాబిను, తొట్టి సాధారణముగా వేరువేరుగా ఉండి, గతుకులలో వేరువేరుగా కదలును. కనుక పెట్టెను తొట్టికి మాత్రమే బిగించవలెను, క్యాబినుకు కలుపరాదు. ప్రక్క తలుపులు తెరచుటకు పెట్టె అడ్డు రాకుండ చూడవలెను.

బిగించు పద్ధతి

1. రంధ్రము వేయుటకు ముందు బండి క్రిందికి దూరి చూడవలెను. డీజిలు ట్యాంకు, బ్రేకు గొట్టములు, వైర్లు ఉన్నచోట డ్రిల్లు దిగరాదు. ఛాసిస్‌కు ఎన్నడును రంధ్రము వేయరాదు.

2. నాలుగు మూలల 10 మిల్లీమీటర్ల బోల్టులు చాలును. ముఖ్యముగా గమనింపవలసినది ఇది: బోల్టు తెగుటకు ముందే పలుచని రేకు చిరుగును. కావున తొట్టి అడుగున ప్రతి బోల్టుకు 5 మిల్లీమీటర్ల మందము, 75 మిల్లీమీటర్ల చదరము గల ఇనుప పలక వేసి, దానిపై నట్టు బిగించవలెను. వీలైనంతవరకు అడ్డ దూలముల ప్రక్కనే రంధ్రములు వేయుట మంచిది.

3. పెట్టె లోపల కూడ వెడల్పైన వాషర్లు వేయవలెను. లేనిచో పెట్టె అడుగే చిరిగి ఊడివచ్చును.

4. రంధ్రముల అంచులకు రెడ్ ఆక్సైడ్ పూయవలెను. పెట్టె క్రింద రబ్బరు పట్టీలు వేసినచో నీరు నిలువదు, తుప్పు పట్టదు, చప్పుడు తగ్గును.

5. నైలాన్ లాక్ నట్లు వాడవలెను. మొదటి 200 కిలోమీటర్ల తరువాత ఒకసారి, పిదప నెలకొకసారి బిగువు చూడవలెను.

వెల్డింగు కంటె బోల్టులే మేలు. వెల్డింగు చేసినచోట రంగు కాలి తుప్పు మొదలగును. తప్పనిసరియైనచో ముందుగా బ్యాటరీ తీగలను విప్పవలెను.

పెట్టెలో ఏమి ఉంచరాదు?

పెట్రోలు సీసాలు, పురుగుమందులు ఇందులో ఉంచరాదు. మందు కారి పానాలకు అంటును. పానాల నుండి చేతికి, చేతినుండి అన్నమునకు చేరును. ఆహార పదార్థములకు, పశువుల మేతకు నేరుగా తగులునట్లు మందులను రవాణా చేయరాదని 1971 నాటి క్రిమిసంహారక మందుల నియమములు చెప్పుచున్నవి. బరువైన పనిముట్లు అడుగున, చిన్నవి పైన సర్దవలెను. మూతకు గొళ్లెము, తాళము తప్పక ఉండవలెను. పెట్టెపై మనుషులను కూర్చుండబెట్టరాదు.

పెట్టె బరువు కూడ బండి మోయు బరువులోనిదే. 60 కిలోల పెట్టె పెట్టిన రైతు సరుకులో 60 కిలోలు తగ్గించి ఎత్తవలెను.

నాలుగు బోల్టులు, నాలుగు పలకలు, ఒక పూట పని. ఈ కోతల కాలమునకు ముందే ఈ పని ముగించుకొనుట రైతు సోదరులకు శ్రేయస్కరము.