చెయ్యి పడిపోకుండానే వచ్చే పక్షవాతం
(సంఘ సభ్యులకు ఆరోగ్య పాఠం)



మెట్టుగూడలో ఒక పాల బూత్ అనుకుందాం. తెల్లవారుజామున అయిదు గంటల వేళ. పక్కనున్న లాలాపేట డెయిరీ నుంచి పాల ప్యాకెట్ల ట్రేలు దిగాయి. రాత్రి డ్యూటీ దిగి వస్తున్న రైల్వే కార్మికులు వరుసలో నిలబడ్డారు. బూత్ నడిపే పెద్దాయన రోజూ చిల్లర లెక్క నోటితోనే కట్టేవాడు. ఆ రోజు మాత్రం వంద రూపాయల నోటు చేతిలో పట్టుకుని, ఎంత తిరిగి ఇవ్వాలో తోచక నిలబడిపోయాడు. అర లీటరు అడిగితే సంబంధం లేని మాటేదో అన్నాడు. చెయ్యి బాగానే ఉంది, కాలు బాగానే ఉంది, మూతి వంకర పోలేదు. "నిద్ర చాలలేదేమో బాబాయ్, కాస్త టీ తాగు" అన్నారెవరో. పది నిమిషాల్లో ఆయన మామూలు మనిషయ్యాడు. అందరూ ఎవరి పని మీద వారు వెళ్ళిపోయారు.

ఇది పాఠం కోసం కల్పించి చెప్పిన ఉదాహరణ. కాని ఇటువంటివి ఏ ఊళ్ళోనైనా జరుగుతాయి. ఆ పది నిమిషాలు మెదడు చేసిన హెచ్చరిక కావచ్చు. దాన్ని ఎవరూ గుర్తించకపోవడానికి ఒక కారణం మనం వాడే పేరులోనే ఉంది. పక్షం అంటే ఒక పక్క. కనుక ఒక పక్క చెయ్యి, కాలు పడిపోతేనే పక్షవాతం అని మన నమ్మకం.

అసలు జరిగేదేమిటి?

మెదడుకు రక్తం తీసుకుపోయే నాళంలో గడ్డ అడ్డుపడవచ్చు, లేదా నాళం చిట్లి రక్తం కారవచ్చు. రెండూ పక్షవాతమే. మెదడులో ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క పని. చెయ్యిని కదిపే భాగం దెబ్బతింటే చెయ్యి పడిపోతుంది. చూపు, మాట, నిలకడ చూసే భాగం దెబ్బతింటే చెయ్యి, కాలు చక్కగా ఉండగానే ఆ పని చెడుతుంది.

అందరికీ తెలిసిన గుర్తులు

మూతి ఒక పక్కకు జారడం, చాచిన రెండు చేతుల్లో ఒకటి కిందికి వాలిపోవడం, మాట ముద్దగా రావడం. ఈ మూడింటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా కనిపించినా చాలు, మిగతా వాటి కోసం కాచుకోకూడదు.

మనం పట్టించుకోని గుర్తులు

1. చూపు: ఒక కంటికి తెర దించినట్లు చీకటి కమ్మడం. ఒక్క వస్తువు రెండుగా కనబడడం. ఒక పక్కనున్నది అసలే కనబడక గడపకు తగులుకోవడం, కంచంలో ఒక పక్క అన్నం అలాగే వదిలేయడం.

2. తూలు: ఉన్నట్టుండి కళ్ళు తిరిగి, వాంతులై, పట్టుకోనిదే నిలబడలేకపోవడం. దీన్ని పైత్యమనో, ఎండదెబ్బ అనో తోసేస్తాం. తల తిరగడం చెవి జబ్బు వల్ల కూడా వస్తుంది. కాని నడవలేకపోవడం, మాట తడబడడం, మింగుడు పడకపోవడం తోడైతే అనుమానించాల్సిందే.

3. మాట, లెక్క: పలుకు స్పష్టంగానే ఉండి, ఒక మాటకు బదులు మరొకటి రావడం. ఎదుటివారు చెప్పేది అర్థం కాకపోవడం. తెలిసిన అంకెలు చదవలేకపోవడం. అమెరికాలో జిల్ బోల్ట్ టేలర్ అనే మెదడు శాస్త్రవేత్తకు 1996లో, 37 ఏళ్ళ వయసులో, మెదడులో రక్తనాళం చిట్లింది. సాయం కోసం ఫోను చేద్దామంటే కార్డు మీది అంకెలు ఆమెకు అర్థం కాలేదు. మెదడునే చదువుకున్న మనిషికే అలా అయిందంటే, రోగి తనంతట తాను చెప్పుకుంటాడని ఎదురుచూడరాదు. పక్కవారే కనిపెట్టాలి.

4. తలనొప్పి: జన్మలో ఎన్నడూ ఎరుగనంత తీవ్రంగా, పిడుగు పడ్డట్టు ఒక్కసారిగా రావడం.

5. ఎక్కిళ్ళు: ఎక్కిళ్ళు మాత్రమే వస్తే భయం లేదు. ఆగని ఎక్కిళ్ళకు తూలు, గొంతు మారిపోవడం, మింగలేకపోవడం తోడైతే మెదడు అడుగు భాగంలో దెబ్బ కావచ్చు.

వీటన్నిటికీ ఉమ్మడి లక్షణం ఒకటే: హఠాత్తుగా రావడం.

తగ్గిపోయినా ప్రమాదమే

గడ్డ కాసేపు అడ్డుపడి, తానే కరిగిపోతే గుర్తులు మాయమవుతాయి. దీన్ని చిన్న పక్షవాతం అంటారు. అసలు పక్షవాతం వచ్చే భయం ఆ తరువాతి రెండు రోజుల్లోనే అందరికన్నా ఎక్కువ. మన ఉదాహరణలోని పెద్దాయన మామూలైనా, ఆ ఉదయమే ఆసుపత్రికి వెళ్ళవలసింది.

గడియారం చూడండి

పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల మెదడు కణాలు చనిపోతాయని 2006లో లెక్క కట్టారు. గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి. ఎంత ముందైతే అంత మేలు. పెద్ద గడ్డను సన్నని గొట్టంతో బయటికి లాగే చికిత్స కొందరికి 24 గంటల వరకు చేయవచ్చు. కనుక ఆలస్యమైందని ఇంట్లో ఉండిపోకూడదు.

డాక్టరు మొదట అడిగేది, "చివరిసారి బాగా ఉన్నది ఎప్పుడు?" అని. నిద్రలో వస్తే లేచిన వేళ కాదు, పడుకున్న వేళ లెక్క. ఇక్కడ మన సంఘం ఉపయోగపడుతుంది. రోజుకు రెండు పూటలా సభ్యులు సేకరణ కేంద్రానికి వస్తారు. ఎవరు ఏ వేళకు పాలు పోసి, మాట్లాడి, చక్కగా నడిచి వెళ్ళారో కార్యదర్శికి తెలుసు. ఆ సమయం డాక్టరుకు చెప్పండి.

చేయవలసినవి, చేయకూడనివి

- 108కి ఫోను చేసి "పక్షవాతం అనుమానం" అని చెప్పండి. ఈ సేవ మన రాష్ట్రంలో 2005 నుంచి ఉంది. సి.టి. స్కాను ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్ళమనండి. మెట్టుగూడ వారికైతే ముషీరాబాదులోని గాంధీ ఆసుపత్రి దగ్గర. రైల్వే వారికి లాలాగూడ రైల్వే ఆసుపత్రి ఉంది.
- నోట్లో నీళ్ళు, పాలు, మాత్రలు ఏవీ వేయకండి. మింగుడు పడకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతాయి.
- ఆస్పిరిన్ సొంతంగా ఇవ్వకండి. గడ్డో, రక్తస్రావమో స్కాను తీస్తేగాని తెలియదు. రక్తస్రావమైతే ఆ మాత్ర హాని చేస్తుంది.
- పావురం రక్తం పూయడం, ఆకుపసరు కోసం ఊళ్ళు తిరగడం వల్ల విలువైన గంటలు పోతాయి.
- స్పృహ తప్పితే పక్కకు తిప్పి పడుకోబెట్టండి.

రాకుండా

పక్షవాతానికి పెద్ద కారణం రక్తపోటు. అది పైకి కనబడదు, కొలిపిస్తేనే తెలుస్తుంది. బాగుంది కదా అని మాత్రలు మానకండి. పచ్చళ్ళతో సహా రోజుకు ఉప్పు ఒక చెంచాకు, అంటే 5 గ్రాములకు, మించనీయకండి. బీడీ, చుట్ట, సిగరెట్టు మానండి. మధుమేహం అదుపులో ఉంచుకోండి.

సంఘ సమావేశంలో చర్చించండి

1. మన ఊరికి దగ్గరలో రాత్రింబగళ్ళు సి.టి. స్కాను ఉన్న ఆసుపత్రి ఏది? చేరడానికి ఎంతసేపు?
2. తగ్గిపోయిన గుర్తులకు కూడా ఆసుపత్రికి ఎందుకు వెళ్ళాలి?
3. మన సభ్యుల్లో రక్తపోటు కొలిపించుకోనివారు ఎందరు?

మొదటి ప్రశ్నకు జవాబు, 108 నంబరు ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, పాల ధరల పట్టిక పక్కన అంటించండి. పాలు పోయడానికి వచ్చిన ప్రతివారి కళ్ళూ రోజుకు రెండుసార్లు దానిమీద పడతాయి.